కుర్చీకి గుర్తుండని ఎత్తు

సోమవారం

కుర్చీ ఈరోజు కూడా మరిచిపోయింది.

పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే ముందుగదిలోంచి మా ఆవిడ పిలిచింది. మళ్ళీ నా ఎత్తుకే వచ్చి ఆగిందట. వెళ్ళి చూస్తే నిజమే. నిన్న సాయంత్రం 'పైకి' నొక్కిపట్టి, తన మోకాళ్ళకు తగిన ఎత్తు చూసుకుని 'గుర్తు' బటన్ నొక్కింది. లైటు కూడా వెలిగిందట. పడుకునే ముందు ప్లగ్గు తీసేసింది. అది నేను పెట్టిన రూలే, ఉరుములకు బోర్డు కాలిపోతుందని. తెల్లారి ప్లగ్గు పెట్టి 'పైకి' నొక్కితే కుర్చీ తన ఎత్తు వదిలేసి, తయారైన రోజున నేను కూర్చుని పెట్టిన ఎత్తు దగ్గరే ఆగింది. అక్కడినుంచి నేను లేవగలను. తను లేవలేదు. మెట్లమీద పడి తుంటి ఎముక ఆపరేషన్ అయిన మనిషికి నాలుగు వేళ్ళ తేడా అంటే కొండంత తేడా.

మంచం ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానిమీంచి తనే దిగుతుంది. వాకర్ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. లేవడం దగ్గరే చిక్కు. లేచేటప్పుడు రెండు చేతులూ కుర్చీ చేతులమీద ఆనాలి, బటన్ పట్టుకుని కూర్చుంటే కుదరదు. ఒక్కసారి నొక్కి వదిలేస్తే కుర్చీ తనంతట తాను ఆ ఎత్తుకు వెళ్ళి ఆగాలి. అందుకే కదా ఇన్ని పాట్లు.

ఈ మోటారు కుర్చీ నేనే చేశాను. అడుగుభాగం మాత్రం వీధి చివర పళ్ళ డాక్టరు పారేసింది. ఆయన సంగతి ఒకటి రాసుకోవాలి. పేషెంటు నోట్లో నాలుగు పరికరాలు దూర్చాక, 'ఏమంటారు, దేశం బాగుపడుతుందా' అని అడిగే రకం. బదులు చెప్పలేనివాడితో మాట్లాడటం ఆయనకు సరదా. ఎదుటివాడిని నోరెత్తనివ్వనివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

సాయంత్రం మా ఆవిడ ఏదో చెప్పబోయింది. "అది కదులుతూ ఉన్నప్పుడే నేను..." అంది. మోటారు కదిలినప్పుడు కరెంటు కుంగుతుందనీ, అందుకు కెపాసిటర్ వేశాననీ, అంత పెద్దది ఎందుకు వేయాల్సొచ్చిందో, చిన్నది వేసి చెడిన వాషింగ్ మెషీన్ల కథలతో సహా వివరించాను. చాలాసేపు విన్నది. తర్వాత టీవీ పెట్టుకుంది.

మంగళవారం

తోడల్లుడు వచ్చాడు, మరదలితో కలిసి. మొహం మీద 'తమ్ముడూ' అంటాను కానీ ఇక్కడ రాసుకోవడానికి వాడి పేరు ఇస్త్రీ. రిటైరై ఇన్నేళ్ళయినా చొక్కా మీద మడత కనిపించదు. బస్సు బాడీలు కట్టే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు చేశాడు. అంటే నలుగురు చెమటోడ్చి పనిచేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూడటం. జీవితమంతా చూసినందుకే జీతం తీసుకున్న మనిషి. నేను రేడియోలతో మొదలుపెట్టి, ఫ్యాన్లు, ఇన్వర్టర్లు, ఇప్పుడీ చిప్పులదాకా డిక్షనరీ పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. పోలిక కోసం రాయడంలేదు. ఊరికే.

మరదలు అసలు సంగతి బయటపెట్టింది. అక్కను వాళ్ళింటికి తీసుకెళ్తారట. అక్కడ కొన్న కుర్చీ ఉంది, మనుషులున్నారు, మెట్లు లేవు. ఎన్నాళ్ళు అని అడిగాను. "బాగయ్యేదాకా, బావగారూ" అంది. బాగవడమంటే ఎప్పుడో డాక్టర్లే చెప్పలేదు.

మా ఆవిడ నావైపు చూడకుండా అంది, నెలాఖరుదాకా చూద్దామని. ఈ కుర్చీ తన ఎత్తు గుర్తుపెట్టుకుంటే ఇక్కడే. లేకపోతే చెల్లెలింట్లో. పొద్దస్తమానం షాపులోంచి నన్ను పిలిచి లేపించుకోవడం తనకు నచ్చడంలేదట.

నాకైతే ఇబ్బందేం లేదన్నాను. "మీకు లేదు లెండి" అంది.

బుధవారం

ఇస్త్రీ ఒక్కడే వచ్చాడు. సాయంత్రందాకా కూర్చున్నాడు. నాకేం కుళ్ళు లేదు.

గురువారం

ఇవాళంతా చిప్పుతోనే.

ఈ చిప్పు చవకరకం. సెట్టింగులు దాచుకోవడానికి దాంట్లో వేరే గది లేదు. ప్రోగ్రాము ఉండే మెమరీలోనే చివర ఒక పేజీ ఖాళీ చేయించి, కుర్చీ ఎత్తును అక్కడ రాయించాను. సొంత ప్రోగ్రాము మీద సొంతంగా గీసుకోవడం ప్రమాదం కాబట్టి, తయారుచేసినవాళ్ళు దానికి తాళం పెట్టారు. ముందు రెండు సంకేతాలు చెప్పాలి. మొదటిది, వెంటనే రెండోది. అప్పుడే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఆ రెంటి మధ్య ఇంకేదైనా పని దూరిందా, రాయదు. రాయలేదని చెప్పదు కూడా. ఊరికే ఉంటుంది. ఆడపడుచు పెళ్ళిలో అలిగిన పెద్దమనిషిలాగా, ఏమైందో మనమే కనుక్కోవాలి.

నా ప్రోగ్రాములో లైను కింద లైను వేలు పెట్టి చూశాను. మొదటి సంకేతం, దాని కిందే రెండోది. మధ్యలో చీమ దూరే సందు లేదు. అయితే చిప్పే చెడింది. డ్రాయరులోంచి కొత్తది తీసి వేశాను. కుర్చీలో నేనే కూర్చుని, కావలసిన చోట ఆపి, 'గుర్తు' నొక్కి, ప్లగ్గు తీసి, భోంచేసి వచ్చి, మళ్ళీ పెట్టాను. అక్కడికే వచ్చి ఆగింది. ఇంకోసారి. అక్కడికే.

పక్కగదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇస్త్రీ ఏం చెప్పాడో, మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వెళ్ళి చిప్పు సంగతి చెప్పాను. "మంచిదండీ" అంది. నవ్వు ఆగిపోయింది. ఏంటి సంగతి అని అడిగితే, ఏం లేదంది. ఏం లేనిదానికి అంత నవ్వా.

నా జోకులకు తను చివరిసారి అలా ఎప్పుడు నవ్విందో గుర్తుచేసుకుందామని కూర్చున్నాను. తర్వాత ఒక ఇన్వర్టరు రిపేరుకు వచ్చింది.

శుక్రవారం

మరిచిపోయింది. మళ్ళీ నా ఎత్తే.

శనివారం

నేను పెడితే గుర్తుంటుంది, తను పెడితే గుర్తుండదు. యంత్రానికి మొహమాటం ఉండదు, మనుషుల తేడా తెలియదు. కాబట్టి తనే సరిగ్గా నొక్కడంలేదు. ఆ మాటే అన్నాను. మెల్లగానే అన్నాను. తను పెట్టుకుంటున్నప్పుడు పక్కన నిలబడతానంటే వద్దంటుంది. నేను పక్కనుంటే చెయ్యి వణుకుతుందట. ఇస్త్రీ పక్కనుంటే వణకదు.

ఆపరేషన్ అయినప్పటినుంచీ చేస్తున్నది నేను. లేపేది నేను, మందులు నేను, వేన్నీళ్ళు నేను. వాడు వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. మాట్లాడేది తక్కువ, ఊఁ కొడతాడు, అంతే. ఊఁ కొట్టడానికి అంత గిరాకీ ఉందని తెలిస్తే నేనూ ఆ కోర్సే చేసేవాణ్ణి.

వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి కూడా, ఆ ఇస్త్రీ చొక్కా అంకుల్ ఉన్న రోజున ఆంటీ నాలుగడుగులు ఎక్కువ వేస్తారంది. అడిగామా ఆ అమ్మాయిని.

ఆదివారం

దొంగ దొరికాడు.

మధ్యాహ్నం ముందుగదిలోకి వెళ్ళేసరికి కుర్చీ ప్లగ్గు నేలమీద ఉంది. ఆ సాకెట్లో ఇస్త్రీ ఫోను చార్జరు ఉంది. అప్పటికి ఒక్క నిమిషం ముందే మా ఆవిడ ఎత్తు పెట్టుకుని 'గుర్తు' నొక్కింది. చిప్పు రాసుకుంటుండగా కరెంటు లాగేస్తే ఎవరికి మాత్రం గుర్తుంటుంది.

నోరు ఆపుకుని ఉండాల్సింది, కానీ మరదలు కూడా అక్కడే ఉంది, అందరి ముందూ తేలిపోతే మంచిదనిపించింది. రోజూ ఇదే జరుగుతోందా తమ్ముడూ అని మొదలుపెట్టాను. ఎక్కడ ఆగాలో తెలియలేదు. ఒకరింట్లో కుర్చీ చెడితే ఇంకొకరింట్లో కుర్చీకి మనిషి దొరుకుతుందన్నదాకా వెళ్ళాను.

ఇస్త్రీ లేచాడు. చార్జరు తీసి జేబులో పెట్టుకున్నాడు. మరదలు సంచీ తీసుకుంది. వాళ్ళు గుమ్మం దాటాక మా ఆవిడ అంది: "చార్జరు ఇవాళే పెట్టాడు. నేనే పెట్టుకోమన్నాను."

చిప్పు రాసుకోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. ఒక నిమిషమంటే దానికి యుగం. అది నాకు అప్పుడూ తెలుసు.

సోమవారం

ఇస్త్రీ రాలేదు. ఎవ్వరూ నవ్వలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

కుర్చీ మరిచిపోయింది.

మంగళవారం

అటకమీంచి సూట్‌కేసు దించమంది. నెలాఖరు ఇంకా రాలేదు కదా అన్నాను. "దులిపి పెడదామని" అంది. దించాను. చాలా దుమ్ముంది. దులపడానికి కావాలని ఎక్కువసేపు తీసుకున్నాను.

గురువారం

షాపులో కూర్చుని ఉంటే ఎదురుగా ఇస్త్రీ. ఇంట్లోకి వెళ్ళకుండా నేరుగా షాపులోకి వచ్చాడు. చొక్కా మామూలే. కూర్చోమని చెప్పాల్సింది, చెప్పలేదు. రిపేరుకొచ్చిన వాషింగ్ మెషీను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒక విషయం చెబుతాను. అయ్యేదాకా మీరు మధ్యలో అందుకోకూడదు" అన్నాడు.

నేను ఎప్పుడు అందుకున్నానని అడగబోయి, ఆగాను.

"వదిన 'గుర్తు' బటన్ ఎలా నొక్కుతుందో చూశారా?"

"ఆ బటన్ పెట్టింది నేను."

"పెట్టారు. నొక్కడం చూశారా? మీరు కుర్చీని ఆపుతారు. ఆగిందా లేదా చూస్తారు. అప్పుడు నొక్కుతారు. వదిన అలా కాదు. కుడిచేత్తో 'పైకి' బటన్ పట్టుకుని, కుర్చీ లేస్తుండగానే ఎడమచేత్తో 'గుర్తు' నొక్కుతుంది. ప్రతిసారీ అంతే. నాకు చిప్పుల సంగతి తెలియదు. చూడటం ఒకటే వచ్చు."

లేస్తుండగా నొక్కడమేంటి, ఎవరైనా ఆపకుండా నొక్కుతారా అన్నాను.

"వదిననే అడగండి. నాకు చెప్పింది. చెప్పనిస్తే మీకూ చెబుతుంది."

ఆదివారం నేనన్నదానికి ఏమైనా అంటాడేమోనని చూశాను. వాషింగ్ మెషీను మూత తీసి లోపలికి తొంగిచూస్తూ అన్నాడు, వదిన వాళ్ళింటికి రావడం తనకు ఇష్టమేగానీ, వస్తే రోజూ 'మా బావగారు చేత్తో కుర్చీ చేశారు, మీరు కనీసం ట్యూబ్‌లైటైనా మార్చారా' అని వాళ్ళావిడ మొదలుపెడుతుందని. ఇప్పటికే కొన్న కుర్చీ వైపు చూసినప్పుడల్లా మొదలుపెడుతోందట. "మీ కుర్చీ మీ ఇంట్లోనే పనిచేయడం నాకు మంచిది" అన్నాడు.

నామీద కుళ్ళుకునే మనిషి ఒకడున్నాడని ఈ వయసులో తెలిసింది. స్టూలు తుడిచి వేశాను. టీ కూడా తెప్పించాను.

అదేరోజు, సాయంత్రం

అడిగాను. అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. అది రాసినంత తేలిక కాదు.

మా ఆవిడ ముందు నమ్మలేదు. నేను ఎక్కడ అందుకుంటానోనని ఆగి ఆగి చెప్పింది. "మోకాలు ఒక చోట చెబుతుంది, ఇక నిలబడతానని. కుర్చీ లేస్తున్నప్పుడే తెలుస్తుంది ఆ చోటు. ఆపితే సీటు కొంచెం కుంగుతుంది. కుంగాక ఎక్కడ ఉందో వెతుక్కోవాలి. అందుకని అది చెప్పగానే నొక్కేస్తాను."

సీటు కుంగడానికి కారణం పళ్ళ డాక్టరు కుర్చీలో అరిగిన గేరు. ఆ గేరు గురించి చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పలేదు.

"మొదట్లోనే చెప్పబోయాను. మీరు కెపాసిటర్లు అందుకున్నారు" అంది.

ఇదీ జరిగింది. మోటారు తిరుగుతున్నంతసేపూ చిప్పు దానికి చిటికెలు వేసినట్టు చిన్న చిన్న తోపులు ఇస్తూ ఉంటుంది. లెక్కపెట్టలేనన్ని. తోపు ఇవ్వాల్సిన సమయం రాగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అటు పరిగెత్తుతుంది, తర్వాత వచ్చి మిగతాది చేస్తుంది. అలా చేయమని రాసింది నేనే. నేను ఆపి నొక్కుతాను కాబట్టి నాకు తోపుల బెడద లేదు. తను లేస్తుండగా నొక్కుతుంది. మొదటి సంకేతం చెబుతుంది చిప్పు. ఇంతలో మోటారు పిలుస్తుంది. అటు వెళ్ళి వచ్చి రెండోది చెబుతుంది. అప్పటికి తలుపు మూసేసి ఉంటుంది. తన ఎత్తు రాయదు, నా ఎత్తు చెరపదు. లైటు మాత్రం వెలుగుతుంది, ఎందుకంటే బటన్ నొక్కితే వెలగమని చెప్పానుగానీ, రాశాక వెలగమని చెప్పలేదు.

నా ప్రోగ్రాములో ఆ రెండు లైన్ల మధ్య చీమ దూరే సందు లేదు. నిజమే. కాగితం మీద లేదు.

శుక్రవారం

ఒక్క లైను. ఆ రెండు సంకేతాలూ చెప్పి, రాయడం అయ్యేదాకా, మోటారైనా ఎవరైనా మధ్యలో పిలవకూడదు. పిలిచినా వినకూడదు. అయ్యాక మామూలే. ఇంకో రెండు లైన్లు లైటు కోసం: రాసినదాన్ని తిరిగి చదివి, సరిపోతేనే వెలగాలి.

బోర్డు బిగించి మా ఆవిడను పిలిచాను. పెట్టుకో, నేను బయటుంటానన్నాను. "ఉండండి, ఏం ఫర్వాలేదు" అంది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. కుడిచెయ్యి 'పైకి' బటన్ మీద. కుర్చీ లేస్తోంది. తను నేలవైపు చూస్తోంది, ఎవరో దూరంనుంచి పిలిస్తే విన్నట్టు. ఎడమచెయ్యి టక్కున నొక్కింది. లైటు వెలిగింది.

ప్లగ్గు తీశాను. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడ్డాను. ప్లగ్గు పెట్టాను. కుర్చీని కిందికి దించి, ఒకసారి 'పైకి' నొక్కి, రెండు చేతులూ ఆనించుకుంది. కుర్చీ నా ఎత్తుకు వచ్చింది. నా ఎత్తు దాటింది. ఇంకా పైకి వెళ్ళి ఆగింది. తను లేచి నిలబడింది.

నేను గోడవైపు, ప్లగ్గువైపు చూశాను. తర్వాత తను, అలా దిక్కులు చూడకపోతే సూట్‌కేసు అటకమీద పెట్టొచ్చు కదా అంది.

ముందు ఇస్త్రీకి ఫోను చేశాను. ఆదివారం నాటి మాట ఎత్తడానికి చూస్తే, "లైటు వెలిగిందా?" అన్నాడు. వెలిగిందన్నాను. ఊఁ అన్నాడు. బాగుంటుంది, ఆ ఊఁ. నిజంగానే ఏదో ఉంది దాంట్లో.

మంగళవారం

రోజూ పొద్దున షట్టరు ఎత్తాక చెవి ముందుగది వైపే ఉంటోంది. పిలుపు రాదు. మోటారు శబ్దం వస్తుంది, ఆగుతుంది, తర్వాత వాకర్ చప్పుడు. వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

మంచిదే కదా. దీనికోసమే కదా.

ఆదివారం

సూట్‌కేసు మళ్ళీ దించాను.

లేవలేనప్పుడు వెళ్ళడం వేరు, లేవగలిగి వెళ్ళడం వేరట. నాలుగురోజులు చెల్లెలి దగ్గర ఉండి వస్తుందట. ఇంట్లోనే కూర్చుని కూర్చుని విసుగొచ్చిందట. నన్నూ రమ్మంది. షాపుందన్నాను. రెండోసారి అంటుందేమోనని చూశాను.

ఇస్త్రీ కారు తెచ్చాడు. తలుపు తీసి పట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తను ఎక్కుతుంటే చూశాడు. సాయం చేయబోయి నేనే ముందుకు వెళ్ళాను. అవసరం లేకపోయింది. కారు అద్దం దించి, "కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకండి" అంది.

ఎవరినీ అంటే, వచ్చిపోయేవాళ్ళనని అర్థం.

సాయంత్రం ఫోను చేసింది. వెనకాల నవ్వులు. తిన్నారా అని అడిగింది, చెబుతుండగా అవతల ఎవరో పిలిచారు, ఉండండి అని వెళ్ళింది. ఉన్నాను. వచ్చి మొదట్నుంచి చెప్పమంది. నువ్వు చెప్పు అన్నాను. చాలా చెప్పింది. ఎక్కడా అందుకోలేదు. చివర్లో, "వింటున్నారా, ఫోను కట్టయిందనుకున్నాను" అంది.

ఊఁ అన్నాను. ఇంకా సాధన చేయాలి.

ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నాను. 'పైకి' నొక్కాను. నా ఎత్తు వచ్చింది, అదంటూ ఒకటి ఉండేదని కూడా తెలియనట్టు దాటిపోయింది. తన ఎత్తు దగ్గర ఆగింది. నాకు అది చాలా ఎక్కువ. మడమలు లేచాయి, సీటుమీద నిలవక ముందుకు జారుతున్నాను. కిందికి దించి, ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టి, నొక్కాను. అక్కడికే. ఇంకోసారి. అక్కడికే. నేను చేసిన కుర్చీ.

గుర్తు బటన్ ఎడమచేతి కిందే ఉంది. ఆపి నొక్కినా రాసుకుంటుంది, ఆపకుండా నొక్కినా రాసుకుంటుంది ఇప్పుడు. ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. జారిపోకుండా కాళ్ళు తన్నిపట్టి, కాసేపు తన ఎత్తులోనే కూర్చున్నాను.